రేసు మానేసిన గుర్రం ఎక్కితే ఆగడం లేదా? దారికి తెచ్చుకోవడం ఎలా

"మలక్‌పేట రేసుల్లో పరిగెత్తిన గుర్రాన్ని కొన్నాం. కింద ఉన్నంతసేపు ఎంతో నెమ్మది. ఎక్కామంటే లగెత్తుతుంది, ఎంత లాగినా ఆగదు." హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లలో గుర్రాలు పెంచుకునేవాళ్లు పెరిగాక ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. కొందరి గుర్రం వెనక కాళ్ల మీద నిలువునా లేస్తుంది. కొందరిది తల కిందికి దించి వెనక కాళ్లు ఎగరేస్తుంది. ఇంకొందరిది గేటు దాటగానే తబేలా వైపు తిరిగి మొరాయిస్తుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు వరసగా ఇక్కడ రాస్తున్నాను.

రేసు గుర్రానికి పగ్గాలు బిగించడమంటే ఆగమని కాదు. జాకీ పగ్గాలు గట్టిగా పట్టుకుంటే ఆ పట్టు మీద ఆనుకుని ఇంకా వేగం అందుకోవడం దానికి రెండేళ్ల వయసు నుంచీ అలవాటు. మీరు భయపడి రెండు చేతులతో లాగుతారు, అది ఇంకాస్త జోరందుకుంటుంది. దాని లెక్కలో అది మీరు చెప్పిన పనే చేస్తోంది. జాకీ రికాబులు పొట్టిగా పెట్టుకుంటాడు కాబట్టి కాళ్లు డొక్కలకు వేలాడటం దానికి కొత్త. నిలబడి ఎక్కించుకోవడం కూడా రాదు. జాకీని ఎవరో మోకాలి దగ్గర పట్టి పైకి లేపుతారు, గుర్రం నడుస్తూనే ఉంటుంది. మనం చెడ్డ అలవాట్లు అనేవాటిలో చాలావరకు పాత ఉద్యోగంలో నేర్చుకున్న పాఠాలే. మిగిలినవి చాలావరకు నొప్పి వల్ల వచ్చేవి. పొగరు అని మనం పేరు పెట్టేది కాస్త తవ్వి చూస్తే దాదాపు ఎప్పుడూ ఈ రెంటిలో ఒకటిగా తేలుతుంది.

అందుకే ముందు నొప్పి సంగతి తేల్చాలి, తర్వాత నేల మీద నిలబడి బ్రేకు నేర్పాలి, ఆ తర్వాతే ఎక్కాలి. ఈ వరస మార్చకండి. నన్ను అడిగినవాళ్లలో ఎక్కువమంది మూడో పనితో మొదలుపెట్టినవాళ్లే.

ఎవరు చేయకూడదు

గుర్రం ఒక్కసారైనా నిలువునా లేచి వెనక్కి పడిపోయి ఉంటే ఇది చదివి మీరే ప్రయత్నించకండి. 450 నుంచి 500 కిలోల శరీరం మీద పడితే హెల్మెట్ ఏమీ చేయలేదు. క్యాంటర్‌లో (పూర్తి పరుగుకు ఒక మెట్టు తక్కువ వేగం) పగ్గాలు వదిలేసి కూర్చోవడం మీకింకా రాకపోతే నేల మీద చేసే పనులు మీరు చేయండి, ఎక్కే పని అనుభవం ఉన్నవాళ్లకు వదిలేయండి. మౌంటెడ్ పోలీసులోనో ఎన్‌సీసీ గుర్రపు విభాగంలోనో పనిచేసి రిటైరైనవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు, వెతికితే దొరుకుతారు. పిల్లల్ని మాత్రం ఈ పని మొత్తం అయ్యేదాకా ఆ గుర్రం ఎక్కించకండి. ఫొటో కోసం కూడా వద్దు.

ఏమేం కావాలి

- గుర్రాలు చూసిన అనుభవం ఉన్న పశువైద్యుడు. దగ్గర్లో ఎవరూ లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల్లో అడగండి.
- గుర్రపు స్వారీ కోసమే చేసిన హెల్మెట్. లోపల లేబుల్ మీద ఏఎస్‌టీఎం ఎఫ్ 1163 లాంటి ప్రమాణం రాసి ఉండాలి. బైకు హెల్మెట్, క్రికెట్ హెల్మెట్ పనికిరావు. ఒకసారి గట్టిగా పడ్డాక పగుళ్లు కనపడకపోయినా మార్చేయాలి.
- మడమ ఉన్న బూట్లు. స్పోర్ట్స్ షూ వేసుకుంటే పాదం రికాబులోంచి అవతలికి జారుతుంది. పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది.
- చేతులకు గ్లవ్స్. దొరికితే ఛాతీకి బాడీ ప్రొటెక్టర్.
- 15 నుంచి 20 మీటర్ల వెడల్పున్న కంచె వేసిన ఆవరణ, కింద ఇసుక లేదా మెత్తటి మట్టి. ముళ్లకంచె ఉన్న చోట ఈ పని వద్దేవద్దు.
- హాల్టర్ (నోట్లో ఏమీ పెట్టకుండా తలకు తొడిగే పట్టీ), 3 మీటర్ల తాడు ఒకటి, 8 మీటర్ల తాడు ఒకటి, సుమారు మీటరు పొడవున్న కర్ర. కర్ర చూపించడానికి, తాకడానికి. కొట్టడానికి కాదు.
- నునుపైన మామూలు స్నాఫిల్ బిట్ (కళ్లెంలో నోట్లో ఉండే కడ్డీ, సాదా రకం).
- ఇంకో మనిషి. ఒంటరిగా ఎప్పుడూ ఎక్కకండి.
- మీకూ గుర్రానికీ టెటనస్ టీకా. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా సోకుతుంది.

టైమ్ సంగతి కూడా చెప్పాలి. వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట చొప్పున చేస్తే మూడు నెలలు పడుతుందనుకోండి. కొన్నిటికి ఆరు పడుతుంది. వచ్చే నెల కూతురి పుట్టినరోజుకు ఎక్కించాలి అనుకుంటే ఈ గుర్రం కాదు, ఇంకో గుర్రం చూసుకోండి.

1. ముందు స్వారీ ఆపండి, దాణా మార్చండి

కొన్న మర్నాడే ఎక్కకండి. రేసు తబేలాలో గుర్రం రోజులో ఎక్కువ భాగం గదిలోనే నిలబడి ఉంటుంది, బయటికి వస్తే పరుగే. కనీసం ఒక నెల దాన్ని కంచె లోపల వదిలి తిరగనివ్వండి. పక్కన ఇంకో గుర్రం ఉంటే మరీ మంచిది. మేక ఉన్నా ఎంతో కొంత నయం.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. ఇక్కడ చిక్కు తక్కువ కావడం వల్ల కాదు, ఎక్కువ కావడం వల్ల. రేసు గుర్రానికి ఓట్స్, ఉలవలు, శనగలు దట్టించి పెడతారు. పరుగు మానేశాక కూడా సయీసు (గుర్రాన్ని చూసుకునే పనివాడు) అలవాటు కొద్దీ అదే పెడుతుంటాడు. ఆ శక్తంతా ఎటో ఒకటు పోవాలి కదా, మీరు ఎక్కినప్పుడు పోతుంది. గింజలు వారం పది రోజుల్లో మెల్లగా తగ్గించి గడ్డి పెంచండి. ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి వస్తుంది, గుర్రానికి అది ప్రాణాంతకం కూడా కావచ్చు. ఎండుగడ్డి లెక్కన చూస్తే రోజుకు శరీర బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం కావాలి. 450 కిలోల గుర్రానికి 7 నుంచి 9 కిలోలు. అది ఒకేసారి వేయకుండా రోజంతా నాలుగైదు సార్లు వేయండి. నాలుగైదు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉంచకండి. ఎందుకో కింద వస్తుంది.

2. నొప్పి లేదని తేల్చుకోండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. "డాక్టర్ చూశాడండీ, కుంటడం లేదన్నాడు" అంటారు. కుంటకపోతే నొప్పి లేదని కాదు. కింది ఐదూ విడివిడిగా చూపించండి.

కడుపు: శిక్షణలో ఉన్న రేసు గుర్రాల్లో కడుపులో పుండ్లు చాలా ఎక్కువ. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది, గడ్డి లేకపోతే గోడల్ని తినేస్తుంది. గర్త్ పట్టీ (జీను జారకుండా పొట్ట కింద కట్టేది) బిగించేటప్పుడు కరవబోవడం, పళ్లు నూరడం, దాణా సగంలో వదిలేయడం దీని గుర్తులు. గొట్టం వేసి చూడటమే ఖాయమైన పరీక్ష. అది కుదరకపోతే డాక్టర్ ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ కోర్సు ఇచ్చి చూస్తారు. మామూలుగా నాలుగు వారాలు పడుతుంది. మెడికల్ షాపులో మనుషుల బిళ్లలు కొని మీరే వేయకండి.

నోరు: గుర్రం పై దవడ కింది దవడ కన్నా వెడల్పు. అందుకని పై పళ్ల బయటి అంచులు, కింది పళ్ల లోపలి అంచులు అరగక కత్తుల్లా మొనదేలి బుగ్గల్నీ నాలుకనీ కోస్తుంటాయి. ఏడాదికి ఒకసారైనా ఆకురాయితో రాయించాలి. కొన్ని గుర్రాలకు దవడ పళ్ల ముందు ఒక చిన్న పన్ను ఉంటుంది. బిట్ దానికి తగిలిందంటే తల ఎగరేయడం ఖాయం.

వీపు: వెన్నుకు అటూ ఇటూ మూడు వేళ్లతో మెడ నుంచి నడుము దాకా ఒకే ఒత్తిడితో నొక్కుతూ వెళ్లండి. ఒక చోట చర్మం వణికినా, వీపు కిందికి దించినా, తోక విసిరినా ఆ చోటు గుర్తుపెట్టుకుని డాక్టర్‌కి చూపించండి. రేసు జాతి అయిన థరోబ్రెడ్‌లలో వెన్నుపూసల పై కొసలు ఒకదానికొకటి రాసుకునే జబ్బు తరచుగా కనిపిస్తుంది. ఎక్స్‌రేలో తెలుస్తుంది.

కాళ్లు, గిట్టలు: రేసు లాడాలు తీయించి, లాడాలు కొట్టే నాల్‌బంద్‌తో గిట్టలు సరిచేయించండి. పాత దెబ్బల మీద చేత్తో తడిమి వేడి ఉందేమో చూడండి.

జీను: మెడ అయిపోయి వీపు మొదలయ్యే చోట ఎత్తుగా ఉండే ఎముక రేసు గుర్రాలకు మరీ పైకి ఉంటుంది. మీరు కూర్చున్నాక కూడా ఆ ఎముకకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. స్వారీ అయ్యాక జీను తీసి చెమట చూడండి. అంతా తడిసి ఒక్క చోట మాత్రం పొడిగా ఉంటే అక్కడ జీను నొక్కుతోంది. వీపు మీద తెల్ల వెంట్రుకల మచ్చలు ఉంటే పాత జీను చేసిన పని అది. కాన్పూర్‌లో తయారైన జీనులు మనకు తేలిగ్గా, చవగ్గా దొరుకుతాయి. కానీ ఆన్‌లైన్లో ఫొటో చూసి కొనకండి, గుర్రం మీద పెట్టి చూసి కొనండి.

ఇంకా అనుమానం తీరకపోతే డాక్టర్ చేతనే కొన్ని రోజులు నొప్పి మందు ఇప్పించి ప్రవర్తన మారుతుందేమో చూడండి. మారిందంటే సమాధానం దొరికినట్టే. బ్రిటన్‌లో స్యూ డైసన్ అనే పశువైద్యురాలు, ఆమె బృందం కలిసి స్వారీలో కనిపించే 24 గుర్తుల జాబితా ఒకటి తయారుచేశారు. చెవులు 5 సెకన్లకు మించి వెనక్కి పెట్టడం, నోరు 10 సెకన్లకు మించి తెరిచి ఉంచడం, తోక విసరడం, వెనక కాళ్లు ఎగరేయడం, నిలువునా లేవడం లాంటివి అందులో ఉన్నాయి. వాటిలో 8 లేదా అంతకన్నా ఎక్కువ కనిపిస్తే ఎముకలు, కండరాల్లో నొప్పి ఉండే అవకాశం గట్టిగా ఉందని వాళ్ల లెక్క. మీ గుర్రం పాత స్వారీ వీడియో ఉంటే నెమ్మదిగా తిప్పి చూడండి, ఎక్కినప్పుడు కనపడనివి చాలా కనిపిస్తాయి.

3. నేల మీద బ్రేకు నేర్పండి

మొత్తం పనిలో అసలు ముడి ఇక్కడుంది. పైన కూర్చుని మీరు అడగబోయేవన్నీ కింద నిలబడి అడిగి, ఔననిపించుకోవాలి.

వెనక్కి అడుగు: గుర్రం ఎడమ భుజం పక్కన నిలబడి హాల్టర్ తాడును దాని ఛాతీ వైపు మెల్లగా నొక్కి పట్టండి. గుంజి వదిలి, గుంజి వదిలి చేయొద్దు. అదే ఒత్తిడి అలాగే ఉంచండి. ఒక్క అడుగు వెనక్కి వేసిన క్షణంలో వదిలేయండి. గుర్రానికి పాఠం ఆ వదలడంలోనే ఉంది. రెండు సెకన్లు ఆలస్యంగా వదిలితే ఆ రెండు సెకన్లలో అది చేసిన పనికి బహుమతి ఇచ్చినట్టు. తల ఎగరేసినప్పుడు వదిలారా, తల ఎగరేయడం నేర్పారు. మొదటి రోజు బరువు కాస్త వెనక్కి వేసినా చాలు, వదిలేయండి.

ఆగడం: నాలుగడుగులు నడిపించి ముందు "హో" అనండి, తర్వాత తాడుతో అడగండి. మాట ముందు, ఒత్తిడి తర్వాత. కొన్నాళ్లకు మాటకే ఆగుతుంది. ఆ మాట మీదీ సయీసుదీ ఒకటే ఉండాలి. మీరు "హో" అని, అతను "రుక్" అని, ఇంట్లోవాళ్లు "ఆగాగు" అంటే గుర్రానికి మూడూ ఉత్త చప్పుళ్లే.

వెనక భాగం పక్కకు జరపడం: దీన్ని తేలిగ్గా తీసుకోకండి. తాడుతో తలను కాస్త మీవైపు తిప్పి, దాని తొడ వైపు చూస్తూ కర్రను అటు చూపించండి. మీవైపున్న వెనక కాలు రెండో కాలికి ముందుగా అడ్డం దాటగానే కర్ర దించి, తాడు వదులు చేయండి. నిలువునా లేవాలన్నా, లగెత్తాలన్నా గుర్రం రెండు వెనక కాళ్లతో ఒకేసారి నేలను తన్నాలి. ఒక కాలు అడ్డం పడితే ఆ తన్నుకు బలం చాలదు. పైన కూర్చున్నప్పుడు మీ ప్రాణం కాపాడే కదలిక ఇదే.

నిలబడటం: తాడు వదులుగా ఉంచి ఒక నిమిషం నిలబెట్టండి. కదిలితే తిట్టకండి. మొదట నిలబడ్డ చోటికే తెచ్చి మళ్లీ వదులు చేయండి. ఎన్నిసార్లయినా సరే.

అన్నీ ఎడమ పక్క వచ్చాక కుడి పక్క మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. ఒక పక్క నేర్చుకున్నది రెండో పక్కకు దానంతటదే రాదు. రేసు గుర్రాన్ని ఎప్పుడూ ఎడమ వైపు నుంచే నడిపిస్తారు కాబట్టి కుడి పక్కన మనిషి నిలబడితేనే కొన్ని కంగారుపడతాయి.

హెచ్చరిక: తాడును చేతికి చుట్టుకోకండి. గుర్రం ఒక్క గుంజు గుంజితే వేళ్లు పోతాయి. సరిగ్గా ముందు, సరిగ్గా తోక వెనక దానికి కనిపించదు. అటు నుంచి మాట్లాడకుండా దగ్గరికి వెళ్లకండి.

4. పొడవు తాడు మీద

8 మీటర్ల తాడుతో మీ చుట్టూ నడిపించండి. ఉద్దేశం అలసట తెప్పించడం కాదు, మాట వినిపించడం. నడక, ఆగు, నడక, ట్రాట్ (నెమ్మది పరుగు), నడక, ఆగు. ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు చాలు. అదే పనిగా గుండ్రంగా తిప్పితే కీళ్లు పాడవుతాయి. క్యాంటర్ ఇప్పుడు అడగకండి. అదే మొదలుపెడితే తాడుతో యుద్ధం చేయకుండా వృత్తం కాస్త చిన్నది చేస్తూ "హో" అనండి.

5. బెదురు తగ్గించండి

ప్లాస్టిక్ కవరు, గొడుగు, టార్పాలిన్, స్టార్ట్ చేసి ఉంచిన బైకు. వస్తువు ఏదైనా పద్ధతి ఒకటే. గుర్రం తల ఎత్తి చూసేంత దూరంలో మొదలుపెట్టండి, పారిపోయేంత దగ్గర్లో కాదు. అది ఊపిరి వదిలి తల దించిందా, వస్తువును దూరం తీసుకెళ్లండి. మళ్లీ కాస్త దగ్గరికి తీసుకురండి. గుర్రాన్ని కట్టేసి ముఖం మీద కవరు ఆడించేవాళ్లున్నారు. దానివల్ల భయం పోదు, పారిపోయే దారి లేక గుర్రం కొయ్యబారిపోతుంది. చూడ్డానికి నెమ్మదించినట్టే ఉంటుంది. ఓ రోజు ఆ భయమంతా ఒకేసారి బయటపడుతుంది. వినాయక నిమజ్జనం డప్పులు, దీపావళి టపాకాయల రోజుల్లో ఏ పాఠమూ పెట్టుకోకండి.

6. ఎక్కేటప్పుడు నిలబడటం

మోకాలెత్తు గట్టి పీట ఒకటి చేయించండి. నేల మీద నుంచి రికాబు పట్టుకుని ఎగిరి ఎక్కితే జీను పక్కకు గుంజి వీపు నొప్పి పెడుతుంది. గుర్రాన్ని పీట పక్కకు తెచ్చి నిలబెట్టి, మీరు పీట ఎక్కి దిగండి. తర్వాత వీపు మీద చేయి వేయండి. తర్వాత పొట్ట ఆనించి బరువు వేసి దిగండి. తర్వాత రికాబులో పాదం. ఒక్కో మెట్టులో గుర్రం తాడు వదులుగా ఉండగా నిలబడితేనే తర్వాతి మెట్టు. కదిలితే ఒక చుట్టు తిప్పి మళ్లీ పీట దగ్గరికి. చివరికి ఎక్కి, లోపల ముప్పై లెక్కపెట్టి, నడిపించకుండా దిగిపోండి. మనిషి ఎక్కడమంటే పరుగు మొదలవడం కాదని దానికి తెలియాలి. మూడు నాలుగు రోజులు ఇంతే చేయండి, విసుగొచ్చినా సరే.

గర్త్ పట్టీ ఒక్కసారి బిగించొద్దు. ఒక రంధ్రం బిగించి పది అడుగులు నడిపించి, ఇంకో రంధ్రం. వెనక కాళ్లు ఎగరేసే గుర్రాల్లో కొన్ని ఈ ఒక్క మార్పుతోనే మానేస్తాయి.

7. మొదటి స్వారీలు

మెడ చుట్టూ ఒక పాత తోలు పట్టీ వదులుగా కట్టండి. తూలినప్పుడు మీ చేతులు పగ్గాలకు బదులు దాన్ని పట్టుకోవాలి. కింద ఉన్న మనిషి తాడు పట్టి నడిపిస్తాడు, నిర్ణయాలన్నీ అతనివే. మీరు ఉత్త బరువు. పది నిమిషాలు, నడక మాత్రమే. కాళ్లు డొక్కలకు మెత్తగా ఆని ఉండనివ్వండి. తగులుతాయేమోనని ఎత్తి పట్టుకుంటే, పొరపాటున ఎప్పుడో ఒకసారి తగిలినప్పుడు ఉలిక్కిపడుతుంది.

తర్వాత తాడు తీసేసి, అదే ఆవరణలో పైనుంచి బ్రేకు పాఠం. నిలబడి ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ఒక పగ్గాన్ని మెల్లగా మీ తొడ వైపు తెచ్చి మెడ వంగగానే వదలండి. రెండు పక్కలా అలవాటయ్యాక నడకలో "హో" అని, నడుము బరువుగా కూర్చోబెట్టి, రెండు పగ్గాలు వేళ్లతో పిండండి. రెండు సెకన్లలో ఆగకపోతే ఒక్క పగ్గంతో మెడ వంచి వెనక భాగం పక్కకు జరిపించండి. కాళ్లు ఆగగానే రెండు పగ్గాలూ పూర్తిగా వదలండి. పూర్తిగా అంటే పూర్తిగా. పట్టు వదలకుండా కూర్చుంటే రేసు గుర్రం ఆ పట్టు మీద ఆనుకోవడం మొదలుపెడుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

హెచ్చరిక: ఒక్క పగ్గం పద్ధతి నడకకు, ట్రాట్‌కు. పూర్తి పరుగులో ఉన్న గుర్రం మెడ ఒక్కసారిగా వంచితే కాళ్లు మెలిపడి మీతో సహా కూలుతుంది.

నడక నుంచి ఆగడం ప్రతిసారీ మెత్తగా వస్తేనే ట్రాట్. ట్రాట్ నుంచి నడక ప్రతిసారీ వస్తేనే క్యాంటర్. క్యాంటర్ అంటే ఈ గుర్రానికి పాత ఉద్యోగం గుర్తొచ్చే చోటు. మొదటిసారి కంచె లోపల, చోటున్నంత పెద్ద వృత్తం మీద, నాలుగైదు అంగలు వేయించి ట్రాట్‌కి తెచ్చేయండి. పొడవాటి తిన్నని ఇసుక దారి మీద మాత్రం అస్సలు వద్దు, దాని కంటికి అది రేసు ట్రాకే. పక్కన ఇంకో గుర్రం పరుగెడుతున్నప్పుడూ వద్దు.

8. గేటు బయటికి

నెమ్మదైన, వయసు మళ్లిన గుర్రం ఒకటి తోడుండాలి. మొదట ఐదు నిమిషాలు వెళ్లి రావాలంతే. తబేలా వైపు లాగే గుర్రానికి చిట్కా: పని తబేలా దగ్గర చేయించి, విశ్రాంతి దూరంగా ఇవ్వండి. బయట ఆగి, దిగి, గడ్డి మేయనివ్వండి. తిరిగి రాగానే దాణా పెట్టకండి, అరగంట ఆగండి. రోజూ ఒకే చోట వెనక్కి తిరగకండి. ఇంటికి వచ్చే దారి ఎప్పుడూ నడకే.

ఏప్రిల్, మే నెలల్లో ఈ పనులన్నీ ఉదయం ఏడున్నరలోపు ముగించండి. ఎండదెబ్బ తిన్న గుర్రం మొరాయిస్తే అది అలవాటు కిందకి రాదు.

ఆ క్షణంలో ఏం చేయాలి

లగెత్తితే: ఒకే పట్టు పట్టి లాగకండి. ఒక పగ్గం జూలు మీద ఆనించి నిలకడగా పట్టుకుని, రెండో పగ్గం లాగి వదిలి, లాగి వదిలి చేయండి. చోటుంటే పెద్ద వృత్తంలోకి తిప్పి కొద్దికొద్దిగా చిన్నది చేయండి. రోడ్డు వైపు, కంచె వైపు తిప్పకండి.

నిలువునా లేస్తే: ముందుకు వాలి మెడ పట్టుకోండి, పగ్గాలు వదులు చేయండి. పగ్గాలు పట్టుకుని వేలాడితే గుర్రాన్ని మీ మీదికి మీరే లాక్కున్నట్టు. కాళ్లు నేలను తాకగానే పక్కకు తిప్పి ముందుకు నడిపించండి. వెనక్కి పడేలా ఉంటే రెండు రికాబుల్లోంచి పాదాలు తీసి పక్కకు జారిపోండి. లేచింది ఒక్కసారే అయినా ఆ రోజుతో స్వారీ ఆపి 2వ మెట్టుకు వెళ్లండి.

వెనక కాళ్లు ఎగరేస్తే: తల కిందికి పోనివ్వకండి. ఒక పగ్గం పైకెత్తి ముందుకు నడిపించండి. ఆగి ఉన్న గుర్రానికి ఎగరేయడం తేలిక.

బెదిరితే: కొట్టకండి. కవరును చూసి బెదిరిన గుర్రానికి కొరడా దెబ్బ పడితే, కవరు కనిపిస్తే నొప్పి వస్తుందని దానికి ఖాయమైపోతుంది.

అందరూ చేసే తప్పులు

అన్నిటికన్నా పెద్దది, ఆగడం లేదని బలమైన కళ్లెం పెట్టడం. పెళ్లి బరాత్ గుర్రాలకు వాడే ముళ్ల కళ్లెం తెచ్చి పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరుంటారు. బండి లాగే, బరువులు మోసే జంతువుల విషయంలో 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలు ముళ్లున్న కళ్లేన్ని నిషేధించాయి. చట్టం పక్కన పెట్టినా, దాంతో పని జరగదు. నోట్లో నొప్పి పుడితే గుర్రం నొప్పి నుంచి పారిపోవడానికి చూస్తుంది, దానికి తెలిసిన పారిపోవడం పరుగే. ముందుకు పోనివ్వకుండా అదే కళ్లెంతో పట్టారనుకోండి, నిలువునా లేస్తుంది. లగెత్తే గుర్రం లేచే గుర్రంగా మారడానికి మామూలు దారి ఇదే.

రెండోది, "అలిసిపోయేదాకా పరిగెత్తిస్తే దారికొస్తుంది" అనుకోవడం. నెల రోజులు అలా చేస్తే మీ చేతిలో ఇంకా దమ్మున్న గుర్రం మిగులుతుంది, మీకు మాత్రం ఆయాసం.

మూడోది, గుర్రం ఎదురు తిరిగినప్పుడు భయపడి దిగి తబేలాలో కట్టేయడం. ప్రమాదంగా ఉంటే దిగండి, తప్పు లేదు. కానీ దిగాక నేల మీద రెండు తేలికైన పనులు చేయించి, అవి చేశాకే లోపలికి తీసుకెళ్లండి. లేకపోతే "ఎగిరితే డ్యూటీ అయిపోతుంది" అని నేర్చుకుంటుంది.

ఇంకొకటి, బంధువులు వచ్చినప్పుడు "మా గుర్రం బాగుపడింది, ఎక్కి చూడండి" అనడం. నేర్చుకుంటున్న గుర్రం మీద పగ్గాలు పట్టే చేతులు ఆరు నెలల దాకా ఒకరివే ఉండాలి, మహా అయితే ఇద్దరివి.

మారిందని ఎలా తెలుస్తుంది

మీ నమ్మకంతో కాదు, పరీక్షతో తేల్చుకోండి. వారానికొకసారి ఇవి చేసి నోట్‌బుక్‌లో రాసుకోండి:

- తాడు వదులుగా ఉండగా పీట పక్కన ఎక్కేదాకా, ఎక్కాక అర నిమిషం కదలకుండా నిలబడిందా?
- మాటకు, వేళ్ల ఒత్తిడికి ట్రాట్ నుంచి మూడు నాలుగు అడుగుల్లో నడకకు వచ్చిందా? పదిసార్లు అడిగితే తొమ్మిదిసార్లు రావాలి.
- పగ్గాలు పూర్తిగా వదిలినా వేగం పెరగకుండా ఒక చుట్టు నడిచిందా? నా దృష్టిలో మిగతావన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.
- రెండు వైపులా ఇలాగే ఉందా, లేక ఎడమ వైపేనా?
- పని అయ్యాక పది నిమిషాల్లో గుండె వేగం దిగిందా? దవడ ఎముక కింద రక్తనాళం మీద వేళ్లు పెట్టి లెక్కపెట్టండి. విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 మామూలు. నడక మాత్రమే చేసినా చాలాసేపు 60కి పైనే ఉంటే ఒంట్లో ఎక్కడో నొప్పో, టెన్షనో ఉంది.

వరసగా మూడు వారాలు అన్నీ కుదిరితేనే తర్వాతి మెట్టు. ఏదైనా ఒకటి తప్పితే అంతకు ముందు మెట్టుకు దిగండి. వానలకు పది రోజులు పని ఆగినా, లాడాలు మార్చినా, కొత్త సయీసు వచ్చినా మొదటి రోజు 3వ మెట్టుతోనే మొదలుపెట్టండి. చాలాసార్లు పావుగంటలో పాతవన్నీ గుర్తొస్తాయి.

ఆరు నెలలు సక్రమంగా చేశాక కూడా నిలువునా లేవడమో గుడ్డిగా లగెత్తడమో పోకపోతే అది స్వారీకి పనికొచ్చే గుర్రం కాదు. డాక్టర్‌తో మాట్లాడి ఎక్కడం మానేసి మేతకు వదిలి ఉంచుకోవచ్చు. పిల్ల గుర్రాలకు తోడుగా ఇలాంటివి చక్కగా పనికొస్తాయి. అమ్మదలిస్తే మాత్రం ఏం చేస్తుందో, ఎప్పుడు చేస్తుందో, ఏ వైద్యం చేయించారో కాగితం మీద రాసి, కొనేవాళ్ల సంతకం తీసుకుని మరీ అమ్మండి.